ఊరిలో నిప్పు పుట్టినప్పుడు రైతు ట్రాక్టరు, ఇంజను, బావి నీరు

మొన్న ఆళ్లగడ్డ చేరువనున్న ఒక పల్లెలో శనగ విత్తనమునకు మందు పట్టించు విధానము చూపి, చావడి యొద్ద కూర్చుండియుండగా ఒక రైతు నన్నిట్లడిగెను: "అయ్యా, ఊర్లో పెద్ద నిప్పంటుకుంటే సర్కారోళ్లు మా ట్రాక్టరు తీసకపోవచ్చునంట. మరి కంతు ఎవురు కట్టల్ల?" అచ్చటివారు నవ్విరి. కాని యది నవ్వదగిన ప్రశ్న కాదు. నాకు తెలిసినంతవరకు సమాధానము ఈ పత్రిక మూలమున అందరికిని తెలుపుచున్నాను.

మన నంద్యాల సీమలో జొన్నచొప్పయు వరిగడ్డియు దొడ్లకు చేరిన పిమ్మట వచ్చునది వడగాలి కాలము. వామి కాలినచో రైతుకు పోవునది గడ్డి మాత్రమే కాదు. కాడెద్దులకును పాడిపశువులకును సంవత్సరపు మేత పోవును. ఆళ్లగడ్డకును నంద్యాలకును నడుమ సుమారు 40 కిలోమీటర్ల దారి గలదు. అగ్నిమాపక శకటము ఎంత వేగముగా వచ్చినను దారి దారియే. వచ్చిన శకటములో 4500 లీటర్ల నీరున్నదనుకొనుడు. నిమిషమునకు 450 లీటర్ల చొప్పున వదలినచో పది నిమిషములలో తొట్టి ఖాళీ యగును. అటుపిమ్మట నీరెక్కడిది? కుందూ నీరో, కాలువ నీరో, మీ బావి నీరో కావలెను. కావుననే చట్టము రైతు వాకిటికి వచ్చుచున్నది.

ఇందు రెండు చట్టములు గలవు. వానిని కలగాపులగము చేసికొనుటచేతనే భయము పుట్టుచున్నది.

మొదటిది 1999లో చేయబడిన ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టము. నిప్పు పుట్టినచోట దళమువారికి గల అధికారములను ఇది చెప్పును. అడ్డు తగులువారిని తొలగింపవచ్చును, దారి మూయవచ్చును, గొట్టము పోవుటకు అవసరమైనచో తలుపు పగులగొట్టవచ్చును, అందుబాటులోనున్న నీటిని వాడుకొనవచ్చును. ఒక వామి కాలినను, ఒక కొట్టము కాలినను ఈ అధికారము పనిచేయును. ఇట్టి సమయమున బావి నాది, తోడనీయనని తగవులాడువాడు తన పొరుగువాని దొడ్డినే గాక, గాలి తిరిగినచో తన దొడ్డిని గూడ కాల్చుకొనును.

రెండవది 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము. రైతు అడిగిన ట్రాక్టరు సంగతి దీని 65వ సెక్షనులో నున్నది. అయితే ఈ చట్టమునందు "విపత్తు" అనగా ఆ ప్రాంతపు జనులు తమంతట తాము తట్టుకొనజాలనంత పెద్ద ఆపద. ఒక్క వామి కాలుట విపత్తు కాదు. అట్టి పెద్ద ఆపద వచ్చినప్పుడు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థగాని, అది అధికారమిచ్చిన ఉద్యోగిగాని సామగ్రిని, కట్టడములను, వాహనములను తీసికొనవచ్చును. ఆ సంస్థకు కలెక్టరు అధ్యక్షుడు. తీసికొను ఉత్తరువు వ్రాతమూలకముగా నుండవలెను. ఎవరో జీపు దిగి నోటిమాటగా "బండి తోలుకొని రా" అనిన అది 65వ సెక్షను ప్రకారము ఉత్తరువు కానేరదు. అట్లని ఆపదలో నున్నవారికి మీరై సాయపడరాదని నా యభిప్రాయము కాదు.

ఇక బాడుగ సంగతి. 66వ సెక్షను ప్రకారము తీసికొనిన వాహనమునకు ఆ ప్రాంతమున నడచుచున్న బాడుగ రేటును బట్టి సొమ్ము చెల్లింపవలెను. నిర్ణయించిన మొత్తము చాలదని తోచినచో నియమిత గడువులోగా అర్జీ పెట్టుకొనిన, తగవు మధ్యవర్తికి పోవును. హైర్‌పర్చేజి ఒప్పందముపై వాడుకొనుచున్న బండి యైనచో, ఆ సొమ్మును బండి యజమానియు వాడుకొనువాడును తమ ఒప్పుదల ప్రకారము పంచుకొనవలెను. ఒప్పుదల కుదరనిచో మధ్యవర్తి పంచును. కంతు కట్టుట ఆపుమని మాత్రము ఆ సెక్షనులో లేదు. కాబట్టి బాడుగ సకాలమున రాబట్టుకొనుట రైతు పని.

ఇచ్చట ఒక చిక్కు గలదు. 66వ సెక్షను కట్టడములను గూర్చియు వాహనములను గూర్చియు మాత్రమే పరిహారము చెప్పుచున్నది. ఆయిల్ ఇంజను, పైపులు, తాడు, పారలు వీనిని పేరెత్తి చెప్పలేదు. 65వ సెక్షనులోని "సామగ్రి" యను మాటలో ఇవి యన్నియు ఇమిడిపోవుచుండగా, చెల్లింపు చోట వీనిని విడిచిపెట్టుట నా మట్టుకు లోపముగానే తోచుచున్నది. ఇట్టివి ఇచ్చునప్పుడు రశీదు మరింత అవసరము. సరియైన కారణము లేక ఉత్తరువును నిరాకరించినవారికి 51వ సెక్షను ప్రకారము ఒక సంవత్సరము వరకు ఖైదు గాని, జుల్మానా గాని, రెండును గాని కలుగవచ్చును. అందువలన ప్రాణనష్టము జరిగినచో ఖైదు రెండు సంవత్సరముల వరకు పోవును.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రమువారు ఈ చిక్కును వేరు విధముగా చూచిరి. 1991 అక్టోబరులో స్పోకేన్ పట్టణ పరిసరములలో గాలితో కూడిన పెద్ద మంటలు చెలరేగెను. మరుసటి సంవత్సరమే, అనగా 1992లో, వారొక చట్టము చేసికొనిరి. స్థానిక దళమును, ఇరుగుపొరుగు దళములును చాలనప్పుడు రాష్ట్రమంతటినుండి దళములను రప్పించుటకును, పంపినవారి ఖర్చును రాష్ట్రము తిరిగి యిచ్చుటకును అది ఏర్పాటు చేసినది. సాయము పంపినవాడు నష్టపడరాదను సూత్రము నాకు మిక్కిలి నచ్చినది.

మన సంఘములు ఉత్తరువు కొరకు కాచుకొనియుండ నక్కరలేదు. నీళ్ల ట్యాంకరున్న ట్రాక్టరు ఎవరిది, రాత్రివేళ తాళము ఎవరియొద్ద నుండును, నడపువాడెవడు, ఏ బావికి ఇంజను నడచుచున్నది యని ఒక పట్టిక వ్రాసి గిడ్డంగి తలుపుపై అంటింపవచ్చును. పైపుల మూతిమరలు ఒకదాని కొకటి సరిపోవునో లేదో ఎండకాలమునకు ముందే బిగించి చూడవలెను. నిప్పు కనబడగానే ముందు 101కి గాని 112కి గాని ఫోను చేయవలెను. కరెంటు తీగలున్నచోట సరఫరా ఆపించువరకు నీరు చల్లరాదు. కాలుచున్న వామి నడుమకు పోక, దాని ప్రక్కనున్న వాములపై తడి గోనెలు కప్పి, నడుమనున్న చొప్పను ముందుగా లాగివేయవలెను.

రశీదులో వ్రాయవలసినవి ఇవి: బండి నంబరు, ఇచ్చిన తేది, గంట, మీటరు చూపు అంకె, డీజిలు ఎంత యున్నదో, వెంట నిచ్చిన పైపులు ఎన్నియో, తీసికొనిన ఉద్యోగి పేరు, హోదా, సంతకము. తిరిగి వచ్చినప్పుడును అవియే వ్రాయించుకొని, ఒక ప్రతి సంఘ కార్యదర్శియొద్ద నుంచవలెను.