బైకు మీద బరువు ఎక్కడ ఉండాలి?

గద్వాల నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా బైకు మీద శ్రీశైలం వెళ్తున్నామనుకోండి. సామానంతా వెనక క్యారియర్ మీద ఎత్తుగా కట్టేస్తే మైదానంలో పెద్ద తేడా తెలియదు. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక, దోమలపెంట దగ్గర కృష్ణా లోయలోకి మలుపులు తిరుగుతూ దిగేటప్పుడు తెలుస్తుంది. ఎందుకంటే వెనక ఇరుసుకు అవతల పెట్టిన బరువు గడ్డపారలా పనిచేస్తుంది. ఒక కొనను నొక్కితే రెండో కొన లేస్తుంది కదా! చక్రాల ఇరుసుల మధ్య దూరం 130 సెంటీమీటర్లు, సంచి బరువు 20 కిలోలు, అది వెనక ఇరుసుకు 26 సెంటీమీటర్లు అవతల ఉందనుకుందాం. ముందు చక్రం మీద 4 కిలోల భారం తగ్గి, వెనక చక్రం మీద 24 కిలోలు పెరుగుతుంది. హ్యాండిల్ తేలిపోయినట్టు అనిపించేది అందుకే.

బ్రేకు వేస్తే బరువు ఎలాగూ ముందుకే వస్తుంది కదా అని అడగవచ్చు. నిజమే. కానీ తిరుగు ప్రయాణంలో ఘాట్ ఎక్కేటప్పుడు బరువు మరింత వెనక్కి వాలుతుంది, దిగేటప్పుడేమో ఎత్తైన మూట బ్రేకు వేయగానే వెనక చక్రం పట్టును తగ్గిస్తుంది. మరి పాలవాళ్లు రోజూ అంత బరువు మోయడం లేదా? వాళ్ల క్యాన్లు ఎక్కడ వేలాడుతున్నాయో చూడండి: సీటుకు రెండు పక్కలా, సమానంగా, కిందికి. మనమూ బరువైనవి అలాగే, సైలెన్సర్‌కూ చైనుకూ తగలకుండా కట్టాలి. పైన దుప్పటిలాంటి తేలికవి చాలు. టైర్లలో గాలి మాత్రం అంచనాతో కాదు, బరువున్నప్పుడు ఎంతుండాలని కంపెనీ పుస్తకంలో రాసిందో అంతే కొట్టించాలి. గాలి తక్కువైతే టైరు పక్కలు నలిగి వేడెక్కుతాయి.