ఇంజిను ముక్కులో కన్ను

బొమ్మ రైలును ఎవరైనా పైనుంచే చూస్తారు. బల్ల పక్కన నిలబడి, నడుం వంచి, అదిగో వస్తోంది, ఇదిగో పోతోంది అంటారు. కాజీపేట–విజయవాడ లైను మీద ఎలక్ట్రిక్ ఇంజిన్లు నడిపి రిటైరైన నాకు ఆ చూపు ఆనలేదు. ఎడమ సీట్లో కూర్చుంటే ఎదురుగా విచ్చుకుంటూ వచ్చే పట్టాలు, మలుపు తిరగ్గానే తేలే డిస్టెంట్ సిగ్నలు, పక్కనుంచి దాని రంగు పలికే అసిస్టెంటు గొంతు, ఇదీ నాకు తెలిసిన రైలు. అందుకే గదిలో పరుచుకున్న నా చిన్న రైల్వేలో ఒక డబ్ల్యూఏపీ-7 ఎలక్ట్రిక్ ఇంజిను ముక్కులో కెమెరా బిగించాను. బండి నడుస్తుంటే దాని డ్రైవరుకు కనబడాల్సింది ఇప్పుడు గోడ మీది తెర మీద కనబడుతుంది.

ఈ సరదా నాతో మొదలైంది కాదు. 1980ల చివర్లోనే అమెరికాలో లయొనల్ కంపెనీ రైల్‌స్కోప్ పేరుతో కెమెరా ఉన్న బొమ్మ ఇంజిన్లు అమ్మింది. బ్లాక్ అండ్ వైట్ దృశ్యం, అదీ గాల్లోంచి కాదు, పట్టాల మీదుగానే టీవీకి చేరేది. పట్టా మురికి పడితే తెర ఏమయ్యేదో ఊహించుకోండి. 2016లో గూగుల్ వాళ్లు హాంబర్గ్‌లోని మినియేచర్ వండర్‌ల్యాండ్‌లో బుల్లి కెమెరాలను పట్టాల మీదా రోడ్ల మీదా తిప్పి, ఆ బొమ్మ లోకానికి స్ట్రీట్ వ్యూ తీశారు. అంత హంగు మనకక్కర్లేదు. డ్రోన్ల పుణ్యమా అని ఈ సామానంతా ఇప్పుడు కోఠి గుజరాతీ గల్లీలాంటి చోట్ల చేతికందుతోంది.

ముందు చోటు సంగతి. నా బండ్లు హెచ్‌ఓ స్కేలువి, అంటే అసలు దాంట్లో 87వ వంతు. ఇంజిను పొడవు 23 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు మూడున్నర. పై డొప్ప ఊడదీస్తే నడుమ మోటారు, దానికి రెండు పక్కలా ఫ్లైవీళ్లు, పట్టు కోసం పెట్టిన బరువైన లోహపు దిమ్మ. మిగిలేది ముందు క్యాబు మాత్రమే. డ్రోన్లకు వాడే నానో కెమెరా 14 మి.మీ. చదరం. క్యాబులో ఎడమ అద్దం వెనక సరిగ్గా ఒదుగుతుంది. నిజం ఇంజిన్లో నేను కూర్చున్న పక్కే అది. కాస్త పక్షపాతం ఉందనుకోండి.

ఏ కెమెరా అన్నదాని మీద మా మేనల్లుడికీ నాకూ పెద్ద చర్చే జరిగింది. “మామయ్యా, వైఫై బోర్డు పెట్టేయ్. రెండు మెగాపిక్సెళ్లు, చవక, ఫోన్లోనే కనబడుతుంది” అన్నాడు వాడు. వాడు చెప్పింది ఈఎస్‌పీ32-క్యామ్ గురించి. చూసి మురిసిపోవడానికి అది చాలు. నడపడానికి పనికిరాదు. వైఫై వీడియో ఒక్కోసారి అర సెకను ఆలస్యంగా వస్తుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని 87తో భాగిస్తే బల్ల మీద సెకనుకు 32 సెంటీమీటర్లు. అర సెకనులో బండి 16 సెంటీమీటర్లు ముందుకు పోయి ఉంటుంది, తెర ఇంకా వెనకే ఉంటుంది. అసలు లైను మీద అది 14 మీటర్లు. వేగంగా పోయే ఎక్స్‌ప్రెస్ ఆగడానికి వందల మీటర్లు తీసుకుంటుంది కాబట్టి అక్కడ ఆ తేడా లెక్కలోకి రాదు. బొమ్మ బండి జానెడు దూరంలో ఆగుతుంది. అందుకే ఇక్కడ ఆ 16 సెంటీమీటర్లే స్టార్టర్ సిగ్నలు దగ్గర ఆగడానికీ దాటిపోవడానికీ మధ్య ఉన్న తేడా. రెడ్ సిగ్నలు దాటడం నా సర్వీసులో చేయనిది, ఇంట్లో మొదలుపెట్టలేను.

డ్రోను పందేల వాళ్లు వాడే పాత పద్ధతి అనలాగ్ వీడియోలో ఆలస్యం సెకనులో పదో వంతు కూడా ఉండదు. దృశ్యం అంత నునుపుగా ఉండదు, అప్పుడప్పుడు చుక్కలు రాలతాయి. అయినా నేను దానికే ఓటేశాను. అది 5.8 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది కాబట్టి ఇంటి చుట్టూ కిక్కిరిసిన 2.4 వైఫైతోనూ, బండిని నడిపే నా వైర్‌లెస్ కంట్రోలుతోనూ గొడవ పడదు. మన దేశంలో 5.725 నుంచి 5.875 గిగాహెర్ట్జ్ వరకు తక్కువ శక్తితో వాడుకోవడానికి లైసెన్సు అక్కర్లేకుండా 2018లో అనుమతించారు. ఇదే ట్రాన్స్‌మిటర్ మాడ్యూల్లో ఆ హద్దు దాటే ఛానళ్లు కూడా ఉంటాయి, వాటి జోలికి పోకండి. శక్తి 25 మిల్లీవాట్లు చాలు. గదిలో నడిచే బండికి ఊరంతా వినబడే గొంతెందుకు?

అసలు తలనొప్పి కరెంటుతో. బొమ్మ బండ్లను నడిపే పాత పద్ధతిలో పట్టాల్లో వోల్టేజి పెంచితే బండి పరుగు పెంచుతుంది, తగ్గిస్తే ఆగుతుంది. ఆగిందంటే కెమెరాకూ కరెంటు లేనట్టే, స్టేషన్ రాగానే తెర చీకటి. అందుకని ఈ పనికి డీసీసీ పద్ధతే మేలు. అందులో పట్టాల్లో ఎప్పుడూ 14, 15 వోల్టులు ఉంటాయి, ఎంత వేగంగా పోవాలో బండిలోని డీకోడర్ చిప్పుకు ఆజ్ఞ అందుతుంది. కానీ ఆ కరెంటు ధన, రుణాలు మార్చుకుంటూ పోతుంది. కాబట్టి ముందు బ్రిడ్జి రెక్టిఫయర్, తర్వాత అయిదు వోల్టులకు దించే బక్ కన్వర్టర్ పెట్టాలి. చవకని 7805 రెగ్యులేటర్ వేస్తే, మిగిలిన తొమ్మిది వోల్టుల్నీ అది వేడిగానే ఖర్చు పెడుతుంది. మూడు వందల యాభై మిల్లీఆంపియర్లు లాగే కెమెరా సెట్టుకు అది మూడు వాట్లు. మూతపెట్టిన ప్లాస్టిక్ డొప్పలో అది చిన్న పొయ్యి. ట్రాన్స్‌మిటర్ కూడా వేడెక్కే జాతే. డ్రోన్లో రెక్కల గాలి దాన్ని చల్లారుస్తుంది, ఇంజిన్లో ఆ గాలి లేదు. కాబట్టి దాన్ని లోహపు దిమ్మకు ఆనించి, ఆ దిమ్మనే చల్లార్చే పనికి వాడుకోవాలి. మధ్యలో కరెంటు తగలకుండా థర్మల్ ప్యాడ్ మరవకూడదు.

పాయింట్ల దగ్గర చక్రాలు ఒక్క క్షణం కరెంటు అందుకోకపోతే తెర మినుకుమంటుంది. దానికి ఓ కెపాసిటర్, పట్టాలకు తరచూ తుడుపు. మోటారు బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల తెర మీద ఏటవాలు గీతలు పడతాయి. కెమెరాకు కరెంటు వెళ్లే దారిలో చిన్న ఫిల్టర్ వేస్తే చాలామటుకు పోతాయి.

యాంటెన్నా 13 మి.మీ. తీగ, 5.8 గిగాహెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు. అది దిమ్మ పక్కన పడుకుంటే సిగ్నలు సచ్చుబడుతుంది. పైకప్పు కింద నిటారుగా, లోహానికి దూరంగా నిలబెట్టాలి. డొప్ప ప్లాస్టిక్‌ది కాబట్టి ఈ ఆట సాగుతోంది. ఇత్తడి మోడళ్ల వాళ్లు తీగను బయటికి తియ్యాల్సిందే, పాంటోగ్రాఫ్ చాటున దాచుకోవచ్చు.

లెన్సు డ్రోనుకు తగ్గట్టు దూరానికి సర్ది వస్తుంది. దాన్ని కొద్దిగా తిప్పి జానెడు, మూరెడు దూరాలకు స్పష్టత తెచ్చుకుని, మరలో ఒక చుక్క గోళ్ల రంగు వేస్తే కదలదు. సెట్టింగుల్లో పాల్ పద్ధతి ఎంచుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైటు కింద తెర తక్కువ అదురుతుంది. లెన్సు పట్టా నుంచి మూడున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. అదే 87 రెట్లయితే మూడు మీటర్లు, డ్రైవరు కన్ను ఉండేది దాదాపు అక్కడే. సెంటీమీటరు పెరిగినా ఇంటి మేడెక్కి చూసినట్టు ఉంటుంది.

తెర మీద నన్ను మొదట పట్టేసింది పట్టాల వెడల్పు. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ., 87తో భాగిస్తే 19 మి.మీ. పైన రావాలి. ప్రపంచమంతా అమ్మే హెచ్‌ఓ పట్టా మాత్రం యూరప్, అమెరికాల 1435 మి.మీ. గేజికి తగ్గట్టు 16.5 మి.మీ. పైనుంచి చూసేవాళ్లకి ఆ తేడా తెలియదు. సీట్లోంచి చూస్తే ఇంజిను సన్నని కాలిబాట మీద పోతున్నట్టుంది. స్లీపర్ల చివర్లకు రంగువేసి కాస్త కప్పిపుచ్చాను గానీ, డ్రైవర్లు వస్తే పట్టేస్తారు. కాస్త వంకరగా నిలబడ్డ కరెంటు స్తంభాలు, చెట్టు చాటున పడ్డ హోమ్ సిగ్నలు లాంటివి కూడా కెమెరాయే చూపించింది. వాటిని సరిచేయడం కెమెరా బిగించడం కన్నా పెద్ద పనైంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఖరీదైన ఇంజిన్ని కొయ్యకండి. రెండు చివర్లా డ్రైవరు క్యాబు ఉండే మెము లోకల్ రైలు సెట్టు కొనండి. మోటారు లేని చివరి క్యాబు పెట్టె లోపల అంతా ఖాళీయే. కెమెరా, బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్ అన్నీ తీరిగ్గా పడతాయి, వేడికీ చోటుంటుంది. సెట్టును ఆ చివర ముందుండేలా నడిపితే సరిపోతుంది. నేను కూడా రెండో కెమెరా దాంట్లోనే పెడుతున్నాను. డోర్నకల్ జంక్షన్‌లో బండి దిశ మార్చుకున్నట్టు, ఈ చివర తెర ఆపి ఆ చివర తెర వెలిగించే స్విచ్చు ఒకటి ఇంకా కుదరాలి.