నల్లద్దాలు కొనేముందు మీరు పనిచేసే చోటు చూసుకోండి

"సిస్టరమ్మా, ఇంత నల్లటి జోడు పెట్టుకున్నా కళ్లు మంటలే" అని మా ఓ.పి.లో ఒక మిరప రైతు అడిగారు. తిరునాళ్లలో కొన్న జోడు. అద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత చలువ అని ఆయన నమ్మకం. మన సంఘ కుటుంబాలలో కూడా చాలామంది ఇలాగే అనుకొంటున్నారు. అందుకే ఈసారి ఈ విషయం వ్రాస్తున్నాను.

ఎండలో మనకు కనిపించే వెలుతురుతో పాటు కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు కూడా ఉంటాయి. అవి ఏళ్ల తరబడి పడితే శుక్లం త్వరగా రావచ్చు. తెల్లగుడ్డు మీద నుండి నల్లగుడ్డు మీదికి కండ పెరగవచ్చు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు 1996 నుండి 2000 వరకు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో పది వేల మందికి పైగా కళ్లు పరీక్షించారు. కొన్నేళ్ల తరువాత వారిలో పల్లెల వారిని మళ్లీ పరీక్షించినపుడు, ఆరుబయట పనిచేసే వారికే ఈ కండ ఎక్కువగా వస్తున్నదని తేలింది. దర్శి చుట్టుపక్కల మనమంతా ఆరుబయట పనిచేసే వాళ్లమే కదా.

అద్దానికి వేసిన రంగు వెలుతురును మాత్రమే తగ్గిస్తుంది. ఆ కిరణాలను ఆపేది అద్దం తయారైన పదార్థం, లేదా దాని మీది పూత. ఏ రంగూ లేని పాలీకార్బొనేట్ అద్దం కూడా వాటిని దాదాపు పూర్తిగా ఆపుతుంది. ఆ గుణం లేని నల్లద్దం పెట్టుకుంటే, చీకటి పడిందనుకొని కనుపాప పెద్దదవుతుంది. అప్పుడు కిరణాలు ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. కనుక మొదట చూడవలసింది "యు.వి. 400" అనే గుర్తు. స్టిక్కరు ఎవరైనా అంటించగలరు, కాబట్టి బిల్లు ఇచ్చే కళ్లజోళ్ల షాపులోనే కొనండి. కిరణాలు ఆగుతున్నాయో లేదో కొలిచే చిన్న యంత్రం చాలా షాపుల్లో ఉంటుంది. అడిగి చూపించుకోండి, మొహమాటపడవద్దు.

రంగు సంగతి ఆ తరువాతే. మిరప కల్లంలో ఎర్రకాయ నుండి తాలుకాయ ఏరే వారు గోధుమరంగు, పసుపు అద్దాలు పెట్టుకుంటే కాయ రంగే మారి కనిపిస్తుంది. ఏరిన దానిలో తాలు కలిస్తే ధర పోయేది మీకే. వారికి బూడిదరంగు అద్దం మంచిది. అది అన్ని రంగులనూ సమానంగా తగ్గిస్తుంది కాబట్టి ఎరుపు ఎరుపుగానే కనిపిస్తుంది. పత్తి చేలో మధ్యాహ్నం పూట తెల్లదనం కళ్లలో కొడుతుంది. అక్కడ బూడిదరంగు గాని, గోధుమరంగు గాని సరిపోతుంది. నీలం, గులాబీ అద్దాలు సోకుకే గాని పనికి కాదు.

సాగర్ కాలువ కింద నీరు నిలిచిన మళ్లలో పనిచేసే వారికి, కొత్తపట్నం ఒడ్డున వేటకు వెళ్లే మన బంధువులకు ఇబ్బంది వేరు. వారికి వెలుగు పైనుండే కాదు, కింద నుండి కూడా తగులుతుంది. మట్టి, గడ్డి ఈ కిరణాలలో నూటికి 10 వంతుల కంటే తక్కువే తిప్పికొడతాయి. పొడి ఇసుక 15 వంతుల వరకు, సముద్రపు నురుగు 25 వంతుల వరకు తిప్పికొడతాయి. అటువంటి చోట పోలరైజ్డ్ అద్దం నీటి మెరుపును బాగా తగ్గిస్తుంది. ధర కొంచెం ఎక్కువ. ఒక్కోసారి దాని గుండా సెల్‌ఫోను తెర నల్లగా కనిపిస్తుంది. ఫోను చెడిపోయిందని కంగారు పడవద్దు.

ఎండకు రంగు మారే అద్దాల గురించి చాలామంది అడుగుతారు. మంచివే. అయితే మే నెల వేడికి అవి అనుకున్నంత నల్లబడవు. కారు ముందద్దమే ఆ కిరణాలను చాలావరకు ఆపేస్తుంది కాబట్టి లోపల కూర్చున్నా అంతే.

ఇక రోడ్డు మీద. మావారు ఒకసారి పొదిలి నుండి బండి మీద వస్తూ, మసక పడినా నల్లజోడు తీయలేదు. రోడ్డు అంచున మొక్కజొన్న ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టారు. ఆ రాళ్లు ఆయనకు కనిపించలేదు. మోచెయ్యి విరిగి ఆరు వారాలు పట్టీతో ఉన్నారు. అద్దాలకు నలుపును బట్టి 0 నుండి 4 వరకు తరగతులు ఉన్నాయి. 3వ తరగతి పగటి ఎండకు చాలు. 4వ తరగతి పెట్టుకొని బండి నడపనే కూడదు. పొద్దు వాలితే ఏ రంగద్దమైనా తీసి జేబులో పెట్టండి.

ఏ రంగైనా పక్కల నుండి వెలుగు దూరనీయని వెడల్పాటి జోడు తీసుకోండి. తలపాగా, టోపీ, గొడుగు ఏదున్నా కంటికి సగం బరువు తగ్గుతుంది. అయితే చీమకుర్తి క్వారీల్లో రాయి కొట్టేవారికి, మందు పిచికారీ చేసేవారికి చలువ అద్దాలు రక్షణ కావు. చుట్టూ మూసి ఉండే గాగుల్స్ కావాలి. వెల్డింగుకు, గ్రహణం చూడడానికి కూడా ఇవి పనికిరావు.

చివరిగా ఒక మాట. కోతల కాలంలో ఒక తల్లి కంటికి మిరపాకు కోసుకుపోయింది. కన్ను ఎర్రబడి వెలుగు చూడలేకపోతుంటే నల్లజోడు పెట్టుకొని తొమ్మిది రోజులు పనికి వెళ్లింది. మా దగ్గరకు వచ్చేసరికి నల్లగుడ్డు మీద తెల్లని పుండు. ఆకు గీసుకున్న చోట బూజు పట్టి అలా అవుతుంది. పెద్ద కంటి ఆసుపత్రికి పంపించాము. కన్ను దక్కింది గాని, ఆ కంటితో ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేదు. కంటికి ఆకు గాని, కంప గాని తగిలితే పసరు, చనుబాలు పోయవద్దు, అద్దాలతో కప్పవద్దు. శుభ్రమైన నీటితో కడిగి ఆ రోజే రండి. ఆదివారమైనా క్యాజువాలిటీలో నర్సు ఉంటుంది.