సైలెన్సర్ కడుపులో నీళ్లు

లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. వినగానే నమ్మబుద్ధి కాదు గానీ లెక్క సరిగ్గా అంతే. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరవుతుంది. ఆ ఆవిరంతా సైలెన్సర్ గుండానే బయటికి పోవాలి. ఇంజను బాగా వేడెక్కకముందే బండి ఆపేస్తే ఆవిరి లోపలే చల్లారి నీరై నిలుస్తుంది. ఏలూరులో ఆర్.ఆర్.పేట నుంచి పవర్‌పేట దాకా తిరిగి షెడ్డుకు చేరే కారు సైలెన్సర్‌కు తుప్పు లోపలినుంచే పడుతుంది. అదే కారు వారానికొకసారి హైవే ఎక్కి తాడేపల్లిగూడెం వెళ్లొస్తే ఆ తడి ఆరిపోతుంది. పాత అమెరికన్ కారుకు సైలెన్సర్ వేయించుకునేవాళ్లు మోత ఎలా ఉంటుందని అడుగుతారు. ముందు అడగాల్సింది ఈ నీటి సంగతి.

సైలెన్సర్ వయసు మోటారు కారు వయసుకు కాస్త తక్కువ, అంతే. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊరివాళ్లు, రీవ్స్ సోదరులు, 1897లో ఇంజను పొగగొట్టం మోత తగ్గించే పరికరానికి పేటెంటు తీసుకున్నారు. ఆ తర్వాత ఈ కథలోకి వచ్చిన మనిషి హైరమ్ పెర్సీ మాక్సిమ్. ఆయన తండ్రి మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ మాక్సిమ్; ఆ తుపాకుల మోతకే తన చెవులు పోగొట్టుకున్నాడు. కొడుకు మోతను అణిచే పని పట్టాడు. 1909లో తుపాకీ సైలెన్సర్‌కు పేటెంటు పొందాడు. ఆయన కంపెనీ తర్వాత ఇంజన్లకూ సైలెన్సర్లు చేసింది.

లోపల జరిగేది ఇది. సిలిండర్‌లో పెట్రోలు మండాక ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటికి లోపల ఇంకా ఒత్తిడి మిగిలే ఉంటుంది. అది ఒక్క దెబ్బతో గొట్టంలోకి దూకుతుంది. మనకు వినబడే మోత ఆ దెబ్బదే. సన్నటి గొట్టంలోంచి ఒక్కసారిగా వెడల్పాటి డబ్బాలోకి వచ్చేసరికి ఆ అల వ్యాకోచించి బలం తగ్గుతుంది, కొంత వెనక్కి తిరుగుతుంది. వెనక్కి తిరిగిన అల, వెనకనుంచి వస్తున్న అల ఒకదాని ఎత్తు మీద ఇంకోదాని పల్లం పడేలా కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఇదొక పద్ధతి. చిల్లుల గొట్టం చుట్టూ గాజుపీచు కూరి, శబ్దాన్ని అందులో వేడిగా మార్చేది ఇంకో పద్ధతి. మొదటిదానికి ఆయుష్షు ఎక్కువ. రెండోదాంట్లో పీచు కాలిపోయి కొన్నాళ్లకు మోత మళ్లీ మొదలవుతుంది.

ఏ డబ్బా ఏ ఇంజనుకు అన్నది దెబ్బల లెక్కను బట్టి తేలుతుంది. చేపల చెరువుకు నీళ్లు తోడే ఒంటి సిలిండర్ ఆయిల్ ఇంజను, లిస్టర్ తరహాది, నిమిషానికి 650 చుట్లు తిరిగితే సెకనుకు అయిదు దెబ్బలకు కాస్త పైన. అందుకే ఒక్కో దెబ్బా గట్టు అవతలికి విడివిడిగా వినబడుతుంది. ఆరు సిలిండర్ల కారు ఇంజను 2000 చుట్ల మీద సెకనుకు 100 దెబ్బలు కొడుతుంది, అవి కలిసి ఒకే స్వరమవుతాయి. వీ ఆకారంలో రెండు వరసలుగా ఎనిమిది సిలిండర్లుండే వీ8 అయితే 133. కాకపోతే అమెరికన్ వీ8లో ఒక్కో వైపు గొట్టంలోకి దెబ్బలు సమానమైన ఎడంతో రావు. ఆ ఇంజన్లకు పేరు తెచ్చిన గడగడ శబ్దం అక్కడిదే. రెండు వైపుల గొట్టాలనూ మధ్యలో అడ్డగొట్టంతో కలిపితే ఆ ఎగుడుదిగుడు కొంత సర్దుకుంటుంది.

అమెరికన్ కారంటే అందరికీ వీ8 గుర్తొస్తుంది. మన దగ్గర మిగిలిన పాత బళ్లలో చాలావాటికి ఆ లెక్క వర్తించదు. జనరల్ మోటార్స్ 1928లోనే బొంబాయిలో కార్లు బిగించడం మొదలుపెట్టింది. 1947 నుంచి ప్రీమియర్ ఆటోమొబైల్స్ కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లు బిగించింది. 1950ల మధ్యకల్లా జనరల్ మోటార్స్, ఫోర్డ్ రెండూ ఇక్కడ దుకాణం కట్టేశాయి. ప్రీమియర్ బిగించిన ఆ డాడ్జ్‌లలో ఎక్కువగా ఉన్నది వరసగా ఆరు సిలిండర్లున్న, సుమారు 3.6 లీటర్ల సైడ్ వాల్వు ఇంజను. దానికి జంట గొట్టాలు వేయించడం డబ్బు దండగ. దెబ్బలు సమానంగానే పడుతున్నాయి, ఒక్క గొట్టం చాలు.

గొట్టం లావైతే బండి పరుగు పెరుగుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. మరీ సన్నమైతే ఇంజను ఊపిరాడక అవస్థ పడే మాట నిజమే. అయితే మరీ లావైతే వాయువు వేగం పడిపోతుంది. ముందు వెళ్లిన వాయువు తన వేగంతో వెనకదాన్ని లాక్కుపోవాలి, ఆ లాగుడు తగ్గుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు బండి నీరసంగా లాగేది అందుకే. ఆ పాత డాడ్జ్‌కు రెండంగుళాల గొట్టం దాటి వెళ్లనక్కర్లేదు.

ఇక లోహం. ఎండాకాలంలో ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు కొల్లేరులోకి ఎగదన్నుతుంది. కొల్లేటి దారుల ఉప్పు బురద సైలెన్సర్ అడుగున పట్టి ఆరితే పైనుంచీ తుప్పే. మామూలు ఇనుము ఇక్కడ నిలవదు. అల్యూమినియం పూత రేకు కొంత మేలు, వెల్డింగ్ చేసిన చోట మాత్రం పూత కాలిపోతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 409 రకంలో క్రోమియం 11 శాతమే. కొట్లో అయస్కాంతం పెట్టి చూడండి. 304కి పట్టదు, గొట్టం వంచిన చోట మాత్రం కొద్దిగా లాగవచ్చు. గట్టిగా అతుక్కుంటే అది 409 అయినా కావచ్చు, వట్టి ఇనుమైనా కావచ్చు. ఖరీదు ఎక్కువైనా ఈ ప్రాంతానికి నా ఓటు 304కే.

కొన్ని సైలెన్సర్ల అడుగున సూది దూరేంత కంత ఉంటుంది. నీరు కారడానికి కావాలనే పెట్టింది. తుప్పుకంత అనుకుని దాన్ని వెల్డింగ్‌తో మూయించేవాళ్లున్నారు. మూసిన రోజునుంచే లోపల నీరు చేరుతుంది.

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వది ప్రతి బండికీ సైలెన్సర్ ఉండి తీరాలంటుంది. బుల్లెట్ మోటార్‌సైకిళ్ల సైలెన్సర్లు మార్పించిన కుర్రాళ్ల దగ్గర పోలీసులు వాటిని పీకించి రోడ్డు రోలర్ కింద వేయిస్తున్నారు. మోత బలం కాదు. అణచకుండా వదిలేసిన ఒత్తిడి అల. ఏలూరు నుంచి కైకలూరు మీదుగా ఆటపాక వెళ్లేవాళ్లు, చెరువులో ఇనుప స్టాండ్ల మీద పెలికాన్లు గూళ్లు కట్టే కాలంలోనైనా, కంపెనీ ఇచ్చిన సైలెన్సర్‌తోనే వెళ్లండి.