విశాఖ పెద్దాసుపత్రి

విశాఖపట్టణంలో కింగ్ జార్జి ఆసుపత్రి అని పూర్తి పేరు పలికేవారు తక్కువ. చదువుకున్నవారు కె.జి.హెచ్. అంటారు; పల్లెలనుండి వచ్చినవారికి అది పెద్దాసుపత్రి. 'హాస్పిటల్' అనే పరదేశపు మాట తెలుగునోట నలిగి ఆసుపత్రి అయినది. ఆకూ పత్రీ నూరి మందిచ్చిన జాతి కనుక చివర 'పత్రి' చేరటం సహజమే కాబోలు! పాతపట్టణంలోని విక్టోరియా స్త్రీల ఆసుపత్రిని జనం నేటికీ ఘోషాసుపత్రి అనే పిలుస్తారు. స్త్రీలు ఘోషా పాటించిన కాలం ఆ మాటలో నిలిచి ఉన్నది.

ఈ ఊర 1902లో వైద్య పాఠశాల వెలసింది. 1923లో కళాశాల ఏర్పడింది. 1940లో దానికి ఆంధ్ర వైద్య కళాశాల అని పేరు వచ్చింది. ఓడరేవు తెరిచినది 1933లో, ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినది 1971లో. రేవుకంటె, ఉక్కుకంటె ఇక్కడ వైద్యవిద్యయే వయసున పెద్దది.

కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రి కనుక ఇక్కడి ప్రతి మంచమూ ఒక పాఠమే. ఉదయం ఆచార్యుడు వార్డులోకి వస్తే వెనుక సహాయకులు, వారి వెనుక విద్యార్థులు. రోగి తన బాధను ఒకసారి కాదు, నాలుగుసార్లు చెప్పుకోవాలి. విసుగు పుట్టించే పనే. కాని వైద్యుని చేతికి అనుభవం అబ్బే మార్గం మరొకటి లేదు. అందుచేత రోగిని కూడా గురువుల లెక్కలో చేర్చటం న్యాయం.

2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలోని కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి ఊరిని కమ్మినది. పన్నెండుమంది మరణించారు. కరోనా భయంతో దేశమంతా తలుపులు మూసుకొన్న ఆ రోజులలో, ఊపిరాడని వందలమందిని ఆసుపత్రులకు చేర్చారు. వారిలో పెక్కుమంది పసిబిడ్డలతో సహా పెద్దాసుపత్రికే వచ్చారు. పరిశ్రమల నగరానికి ఇటువంటి ఆసుపత్రి అలంకారం కాదని ఆనాడు తెలిసినది.

మామూలు రోజులలో శ్రీకాకుళం, విజయనగరం పల్లెలనుండి, పాడేరు మన్యంనుండి, ఒడిశాలోని కొరాపుట్టు వైపునుండి రోగులు వస్తారు. తోడువచ్చినవారు చెట్లనీడన మూటలు దింపి ఎదురుచూస్తారు. "నొప్పి ఎప్పటినుంచి?" అని వైద్యుడు తెలుగులో అడిగితే, కువి మాత్రమే వచ్చిన అవ్వ ఏమి చెప్పగలదు? వైద్యవిద్యార్థులు రోగనామాలతోపాటు నాలుగు కువి మాటలు నేర్వటం ఎంతైనా అవసరం. అంతవరకు ఆమె బాధను తెలుగు చేసి చెప్పటానికి పక్కమంచం రోగియే దిక్కు.