గాలి సోకడం అంటే ఏమిటి?

మిత్రులారా! మన గోడపత్రికలో ఎప్పుడూ కథలు, పొడుపుకథలు రాస్తున్నాం. ఈసారి నేను సైన్సు విషయం రాస్తున్నాను. పాఠంలా ఉందని దాటిపోకండి. ఇది మా ఇంట్లో మొదలై మన హాస్టల్ గదిలో ముగుస్తుంది.

పోయిన ఏడాది సంక్రాంతి సెలవులకు ఊరు వెళ్ళాను. మాది కొండ మీద ఊరు. పుష్యమాసంలో అక్కడి చలి సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక రాత్రి నాన్నమ్మ పొయ్యిలో నిప్పులు తీసి కుంపట్లో పోసి ఇంట్లో పెట్టింది. పొగ రాకుండా బాగా కాలిన బొగ్గులే ఏరి వేసింది. తలుపు మూసి, కిటికీలో గోనెసంచి కుక్కి, అందరం కుంపటి చుట్టూ పడుకున్నాం.

అర్ధరాత్రి చెల్లి లేచి వాంతి చేసుకుంది. తల పగిలిపోతోందని ఏడ్చింది. నీళ్ళకని లేచిన అమ్మ రెండడుగులు వేసి కూలబడిపోయింది. నాకూ తల దిమ్ముగా ఉంది. నాన్న పాక్కుంటూ వెళ్ళి తలుపు తీశాడు. బయట అరుగు మీద చాలాసేపు కూర్చున్నాక గాని తేరుకోలేదు.

"గాలి సోకీసినాది. తెల్లారగానే ఎజ్జోడిని పిలవండి" అంది నాన్నమ్మ.

సెలవులయ్యాక ఈ సంగతి సైన్సు సార్‌కి చెప్పాను. సార్ నవ్వలేదు. "మీ నాన్నమ్మ మాట తప్పు కాదురా. గాలే సోకింది. కాని అది దెయ్యం గాలి కాదు, కుంపటి గాలి. అసలు గాలి రక్తానికి ఎలా సోకుతుందో ముందు తెలుసుకో" అన్నారు. అలా తెలుసుకున్నదే ఇది.

ఊపిరితిత్తుల లోపల

మనం పీల్చిన గాలి వాయునాళంలోకి వెళుతుంది. వాయునాళం రెండు కొమ్మలవుతుంది. ఆ కొమ్మలు రెమ్మలవుతాయి. చింతచెట్టును తలకిందులుగా పెట్టినట్టు ఊహించుకోండి. ఆకులుండే చోట చిన్న చిన్న బుడగలుంటాయి. వీటినే వాయుగోణులు అంటారు. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి ఇవి 30 కోట్ల పైమాటే. అన్నింటినీ విప్పి నేల మీద పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు, అంటే ఒక పెద్ద తరగతి గదంత.

ప్రతి బుడగ చుట్టూ వెంట్రుక కంటే సన్నని రక్తకేశనాళికలు వలలా అల్లుకుని ఉంటాయి. బుడగలోని గాలికీ నాళంలోని రక్తానికీ మధ్య ఉన్న గోడ మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు.

గోడ దాటేది ఎలా?

మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి గారు గుండెల నిండా ఊపిరి బిగబట్టి ఇనుప గొలుసులు తెంచేవారని పెద్దలు చెప్పగా విన్నాం. ఊపిరి పీల్చడానికి కండబలం కావాలి, నిజమే. పక్కటెముకల మధ్య కండరాలు, కింద ఉదరవితానం కలిసి ఛాతీని పెద్దది చేస్తే గాలి లోపలికొస్తుంది. కాని ఆ గాలిలోంచి ఆక్సిజన్ రక్తంలోకి వెళ్ళడానికి మాత్రం ఆయనకైనా నాకైనా బలంతో పని లేదు.

మన వంటశాలలో పోపు వేస్తే వాసన గది దాకా దానంతటదే వచ్చేస్తుంది కదా! ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పాకుతుంది. దీన్ని వ్యాపనం అంటారు. బుడగలో ఆక్సిజన్ పీడనం సుమారు 100 మిల్లీమీటర్లు. ఒళ్ళంతా తిరిగి అలిసి వచ్చిన రక్తంలో 40 మాత్రమే. అందుకని ఆక్సిజన్ రక్తం వైపు వెళుతుంది. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో ఎక్కువ గనుక అది ఎదురు వస్తుంది. ఇదంతా సెకను కంటే తక్కువ సమయంలో అయిపోతుంది.

రక్తంలోకి వచ్చిన ఆక్సిజన్‌ను ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్ మోసుకుపోతుంది. ఒక్కో హిమోగ్లోబిన్ అణువు నాలుగు సీట్ల జీపు లాంటిది. మన ఏజెన్సీ జీపులా టాపు మీద కూడా ఎక్కించుకోదు. నాలుగంటే నాలుగే!

కొండ ఎక్కిన పూర్ణ

మనలాగే గురుకులంలో చదివిన గిరిజన అమ్మాయి, నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఆ శిఖరం ఎత్తు 8,848 మీటర్లు. అక్కడి గాలిలో కూడా ఆక్సిజన్ ఇక్కడిలాగే నూటికి 21 వంతులే. కాని గాలి పీడనం ఇక్కడి దానిలో మూడో వంతు. పీడనం తగ్గితే గోడ దాటే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. అందుకే అక్కడికి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఆక్సిజన్ సిలిండరు మోసుకెళతారు. అంటే అక్కడ జీపులు సిద్ధంగా ఉంటాయి, ఎక్కేవాళ్ళు తక్కువ.

మా ఇంట్లో జరిగింది దీనికి తిరగబడ్డ సంగతి. ఎక్కేవాళ్ళున్నారు, సీట్లు ఖాళీ లేవు.

సీటు దిగని గాలి

చాలినంత గాలి లేకుండా బొగ్గు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండించదు. పొగ లేదు గనుక ఫర్వాలేదనుకున్నాం. అదే మా తప్పు. ఊపిరితిత్తి గోడ దగ్గర మంచి గాలి, చెడ్డ గాలి అని చూసే కాపలావాడు లేడు. ఆక్సిజన్ వెళ్ళిన దారినే ఇదీ వెళుతుంది. హిమోగ్లోబిన్ దీన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సీటెక్కితే ఒక పట్టాన దిగదు. మెదడుకీ గుండెకీ ఆక్సిజన్ అందదు. తలనొప్పి, వాంతి, కాళ్ళు తేలిపోవడం వస్తాయి. ఆ తర్వాత నిద్రలోనే ప్రాణం పోవచ్చు. చిన్నపిల్లలు వేగంగా ఊపిరి తీస్తారు గనుక వాళ్ళకి ముందుగా తగులుతుంది. ఆ రాత్రి చెల్లి ఏడవకపోతే ఈ వ్యాసం రాయడానికి నేను ఉండేవాణ్ణి కాదేమో.

పూరింట్లో ఇన్నేళ్ళు కుంపటి పెట్టుకున్నా ఏమీ కాలేదే అని అడగొచ్చు. పూరికప్పు సందుల్లోంచి గాలి ఆడేది. ఇప్పుడు మాది శ్లాబు ఇల్లు. సందు లేదు.

ఎవరికైనా ఇలా అయితే వెంటనే తలుపులు తీసి బయటి గాలిలోకి తేవాలి. 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో ఆ విషవాయువు సగం దిగడానికే నాలుగైదు గంటలు పడుతుంది. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెడితే ఆ సగం గంట, గంటన్నరలో దిగుతుంది.

చివరగా ఒక మనవి

పోయిన వారం మన గదిలోకి వంటశాల నిప్పులు నూనె డబ్బాలో వచ్చాయి. తెచ్చినవాళ్ళ పేర్లు రాయను. నేనూ ఆ డబ్బా దగ్గర చేతులు కాచుకున్నాను. ఇంత తెలిసి కూడా చలికి నోరు మూసుకున్నాను, అందుకే ఇది రాస్తున్నాను. మిత్రులారా, ఆ డబ్బా ఆరుబయటే ఉండాలి. వార్డెన్ సార్! మమ్మల్ని కోప్పడకండి. రెండు కిటికీ రెక్కలు ఊడిపోతే అట్టలు కుక్కుకున్నాం. ఆ రెక్కలు వేయించి, తలా ఇంకో దుప్పటి ఇప్పిస్తే మాకు నిప్పులతో పని లేదు.

మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నమ్మకి ఇదంతా చెప్పాను. అంతా విని, "నానూ అదే గదేటి అన్నాను, గాలని!" అంది. కుంపటి మాత్రం ఇప్పుడు అరుగు మీదే ఉంటోంది.

- 9వ తరగతి విద్యార్థి