కౌలాలంపూర్ కాళ్ల కింద ఏముంది?

మణికొండలో అపార్టుమెంటుకు సెల్లార్ తవ్వాలంటే ముందుగా కంప్రెసర్ బండి రావాలి. నాలుగడుగులు తవ్వేసరికి రాయి తగులుతుంది. డ్రిల్లుతో వరసగా బెజ్జాలు పెట్టి, మందు కూరి, పైన బరువులు కప్పి, విజిల్ ఊది పేలుస్తారు. పుప్పాలగూడ, ఖాజాగూడ వైపు కాపురం ఉండేవాళ్లకు కిటికీ అద్దాలు గడగడలాడటం అలవాటైపోయింది. ఈ గ్రానైటు వయసు రమారమి 250 కోట్ల ఏళ్లు. ఇక్కడి బిల్డర్లకు తిప్పలన్నీ రాయిని తొలగించడంలోనే. పునాది నిలుస్తుందా అన్న బెంగ మాత్రం ఉండదు.

శంషాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగు గంటల్లో చేరే కౌలాలంపూర్‌లో ఇదంతా తలకిందులు. ఐటీ కారిడార్ నుంచి సెలవులకు అక్కడికి వెళ్లినవాళ్లు పెట్రోనాస్ జంట టవర్ల ముందు ఫొటో దిగకుండా రారు. ఆ టవర్లలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది మాత్రం ఫొటోలో పడని భాగం. నగరంలో చాలా మేర నేల కింద ఉన్నది సున్నపురాయి. వాన నీటికి కరిగే రాయి అది. కోట్ల ఏళ్లుగా కరిగి కరిగి లోపల గుహలు, బొరియలు, నిట్టనిలువు అగాధాలు ఏర్పడ్డాయి. టవర్లకు మొదట అనుకున్న చోట పరీక్షిస్తే ఒకవైపు రాయి పైపైనే ఉంది, మరోవైపు ఎంతో లోతుకు దిగిపోయింది. అక్కడే కడితే ఒక పక్కకు కుంగే ప్రమాదం. అందుకని టవర్లనే దాదాపు 60 మీటర్లు పక్కకు జరిపారు.

జరిపిన చోట రాయి మరీ లోతున ఉంది. దాన్ని అందుకోవాలన్న ఆలోచనే మానుకున్నారు. కాంక్రీటు స్తంభాలను 60 నుంచి 115 మీటర్ల దాకా భూమిలోకి దించి, చుట్టూ ఉన్న మట్టి పట్టు మీదే నిలబెట్టారు. వాటి మీద నాలుగున్నర మీటర్ల మందాన దిమ్మె పోశారు. ఒక్కో దిమ్మెకు 13,200 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టింది, ఏకధాటిగా 54 గంటలు పోయాల్సి వచ్చింది. పైన కనిపించే 88 అంతస్తులు, 452 మీటర్ల ఎత్తు ఆ దిమ్మెల మీదే ఉన్నాయి. వాస్తుశిల్పి సీజర్ పెల్లీ. ఒక టవరును జపాన్ కంపెనీ నాయకత్వంలోని బృందం, రెండోదాన్ని కొరియా కంపెనీల బృందం పోటాపోటీగా కట్టాయి. 1998 నుంచి 2004లో తైపే 101 వచ్చేదాకా ప్రపంచంలో ఎత్తయిన భవనాలు ఇవే. ఇప్పుడు ఆ ఊళ్లోనే వాటిని మించిన మెర్డెకా 118 ఉంది. దాని ఎత్తు 678.9 మీటర్లు, ప్రపంచంలో రెండో స్థానం.

నేల కింద దాగిన ఆ సున్నపురాయి పైకి పొడుచుకొచ్చి కనిపించే చోటు బటు గుహలు. మెట్లు 272. కింద నిలబడ్డ బంగారు రంగు మురుగన్ విగ్రహం ఎత్తు 42.7 మీటర్లు, 2006 జనవరిలో ఆవిష్కరించారు. మెట్లకు ఇప్పుడు కనిపించే ఇంద్రధనుస్సు రంగులు పాతవి కావు, 2018లో వేసినవి. ఊరి నడిబొడ్డున ఉన్న రైల్వే కేంద్రం కేఎల్ సెంట్రల్ నుంచి గుహల దాకా లోకల్ రైలు ఉంది. మెట్లెక్కి లోపలికి వెళ్లాక దేవుడికి దండం పెట్టుకుని ఒకసారి పైకప్పు చూడండి. జంట టవర్ల ఇంజినీర్లను అంత కంగారు పెట్టిన రాయి ఎలాంటిదో కళ్లారా తెలుస్తుంది.

ఇంతకీ ఇలాంటి నేల మీద ఊరు ఎందుకు పుట్టింది? తగరం కోసం. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరమే. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా, అమెరికాల్లో ఆహారాన్ని డబ్బాల్లో నిల్వ చేయడం మొదలయ్యాక ఆ రేకులకు పూత పూయడానికి తగరానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1857లో ఆ ప్రాంతాన్ని ఏలే సెలంగోర్ రాజవంశీకుడు రాజా అబ్దుల్లా 87 మంది చైనా కూలీలను క్లాంగ్ నది ఎగువకు పంపాడు. క్లాంగ్, గోంబాక్ నదులు కలిసే చోటు దాటితే పడవ ముందుకు సాగదు. అక్కడ దిగి అడవిలో నడిచి అంపాంగ్‌లో తవ్వకాలు మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి మలేరియా వాళ్లలో 69 మందిని బలి తీసుకుంది. పడవలు ఆగిన ఆ రేవు దగ్గర దుకాణాలు వెలిశాయి. అదే నేటి కౌలాలంపూర్. 87 మందిలో మిగిలిన 18 మంది పేర్లు ఏ వీధికీ లేవు.

పేరు మిగిలినవాడు యాప్ ఆ లోయ్. 1837లో చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రాంతంలో పుట్టాడు. కుర్రతనంలో బతుకుతెరువు కోసం మలయా వచ్చాడు. 1868లో చైనావాళ్ల పెద్ద, అంటే కపితాన్ అయ్యాడు. సెలంగోర్ అంతర్యుద్ధంలో ఊరు బూడిదైతే మళ్లీ కట్టించాడు. గనులు పాడుబడితే కూలీలను నిలబెట్టడానికి అప్పులు చేశాడు. 1879లో తగరం ధర ఎగబాకేసరికి అప్పులూ తీరాయి, ఊరూ నిలిచింది. 1880లో సెలంగోర్ రాజధాని క్లాంగ్ నుంచి ఇక్కడికి మారింది.

మారిన మరుసటి ఏడాదే పరీక్ష. 1881 జనవరిలో మంటలు, డిసెంబరులో వరద. తాటాకు కప్పులు, చెక్క గోడల ఊరు ఒకే ఏడాదిలో రెండుసార్లు తుడిచిపెట్టుకుపోయింది. 1882లో బ్రిటిష్ రెసిడెంట్‌గా వచ్చిన ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ ఇక మీదట ఇటుక, పెంకులతోనే కట్టాలని హుకుం జారీ చేశాడు. ఆ ఇటుకలు కాల్చిన బట్టీల ప్రాంతమే బ్రిక్‌ఫీల్డ్స్. తర్వాత రైల్వేలో పనిచేసే భారతీయులు, సింహళ దేశపు తమిళులు అక్కడ స్థిరపడ్డారు. మనవాళ్లు ఇడ్లీ, దోసె వెతుక్కుంటూ వెళ్లే లిటిల్ ఇండియా అదే. సాంచీ స్తూపం నమూనాలో భారతదేశం కట్టించిన తోరణ ద్వారం కూడా అక్కడే ఉంది. 2015లో దాన్ని ప్రారంభించారు.

పాత తగరం గనులు ఏమయ్యాయి? పిల్లలను తీసుకుని వెళ్లే సన్‌వే లగూన్ వాటర్ పార్కు ఒక పాత గని గుంటలో ఉంది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద బహిరంగ తగరం గనిగా పేరున్న సుంగై బెసి గొయ్యిలో ఇప్పుడు చెరువు, ఒడ్డున షాపింగ్ మాల్. గనుల దగ్గర ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో వంగి, దులాంగ్ అనే వెడల్పాటి చెక్క పళ్లెంలో ఇసుక వేసి గుండ్రంగా తిప్పేవారు. తేలికైన ఇసుక నీళ్లతో పోతే బరువైన నల్లటి తగరపు రేణువులు అడుగున మిగిలేవి. ఆ నగర సంపదలో ఆ పళ్లేలకూ వాటా ఉంది.

వరద మాటకొస్తే హైదరాబాద్‌కూ కౌలాలంపూర్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచేసిన తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వచ్చాయి. మణికొండవాళ్లు ఆదివారం పూట బండేసుకుని వెళ్లే గండిపేట చెరువు, అంటే ఉస్మాన్ సాగర్, మంచినీళ్ల కంటే ముందు వరద కోసం తలపెట్టిన కట్ట. కౌలాలంపూర్‌లో నదులు కలిసే చోటు ఊరి మధ్యలోనే ఉంది. 1926లో మునిగింది, 1971లో మరీ ఘోరంగా మునిగింది. మన పెద్దలు ఊరికి ఎగువన చెరువు కడితే, వాళ్లు ఊరి కిందుగా సొరంగం తవ్వారు. పేరు స్మార్ట్, పొడవు 9.7 కిలోమీటర్లు, 2007లో వాడుకలోకి వచ్చింది. మామూలు రోజుల్లో మధ్య భాగంలో రెండంతస్తుల రోడ్డు మీద కార్లు పోతుంటాయి. ఓ మోస్తరు వానకు అడుగున నీళ్లు, పైన కార్లు. కుంభవృష్టి కురిస్తే కార్లన్నింటినీ బయటికి పంపి, గేట్లు ఎత్తి మొత్తం సొరంగాన్ని నదికి అప్పగిస్తారు. నీళ్లు దిగాక కడిగి మళ్లీ రోడ్డు తెరుస్తారు. సున్నపురాయి నేలలో సొరంగం అంటే ఎక్కడ ఏ గుహ తగులుతుందో తెలియదు. అయినా తవ్వారంటే వరద అంటే వాళ్లకెంత భయమో అర్థమవుతుంది. గండిపేట చుట్టూ గోడలు లేపుతున్న ఈ రోజుల్లో మనకు ఆ భయం కాస్త ఉంటే బాగుండును.

నదుల సంగమంలో ఉన్న మస్జిద్ జామెక్ చూస్తే హైదరాబాదీలకు ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది. 1909లో పూర్తయిన ఆ మసీదు, 1910 నాటి పాత రైల్వే స్టేషన్ రెండూ ఆర్థర్ హబ్బక్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి గీసినవి. అంతకు ముందే, 1897లో, సుల్తాన్ అబ్దుల్ సమద్ భవనం వచ్చింది. గుమ్మటాలు, ఛత్రీలు, కమానులు అన్నీ మొఘల్ పోకడలే. మలయా సంప్రదాయంలో ఇలాంటి కట్టడాలు లేవు. భారతదేశంలో బ్రిటిష్‌వాళ్లు పెంచిన శైలిని సముద్రం దాటించి అక్కడ నాటారు. కొన్నేళ్ల తేడాతో ఇక్కడ విన్సెంట్ ఎష్ అదే శైలిలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ స్టేషన్ గీశాడు.

తెల్లవారుజామునే లేచే అలవాటున్నవాళ్లు అక్కడ తికమకపడతారు. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల పైనే ఉన్న నగరం కాబట్టి ఏడాది పొడుగునా పగలూ రాత్రీ దాదాపు సమానం. అయినా చాలా నెలలు సూర్యుడు ఏడు దాటితే గానీ రాడు. తూర్పున దూరంగా ఉన్న సబా, సరవాక్ రాష్ట్రాలతో ఒకటే గడియారం ఉండాలని 1982 జనవరి 1న దేశపు పశ్చిమ భాగంలో గడియారాలు అరగంట ముందుకు తిప్పారు.

రాజధాని ఎవరిదన్న ప్రశ్నను తెలుగువాళ్లు చూసినంతగా చూసినవాళ్లు తక్కువ. మద్రాసు, కర్నూలు, హైదరాబాద్, పదేళ్ల ఉమ్మడి రాజధాని, అమరావతి. అందుకే సెలంగోర్ కథ మన మనసుకు తగులుతుంది. 1957 ఆగస్టు 31న స్వతంత్ర మలయాకు కౌలాలంపూరే రాజధాని, సెలంగోర్ రాష్ట్రానికీ అదే. 1974 ఫిబ్రవరి 1న 243 చదరపు కిలోమీటర్ల నగరాన్ని కేంద్రానికి అప్పగిస్తూ సెలంగోర్ సుల్తాన్ సంతకం పెట్టారు. ఆ వేళ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాష్ట్రం షా ఆలంలో కొత్త రాజధాని కట్టుకుంది. రెండు ప్రాంతాల సరిహద్దులో హైవే మీద నిలిపిన పెద్ద కమాను ఆ అప్పగింతకు గుర్తు. 1999లో ప్రధాని కార్యాలయం పుత్రజయకు తరలింది. పార్లమెంటు, రాజుగారి ప్యాలెస్ కౌలాలంపూర్‌లోనే ఉన్నాయి కాబట్టి రాజధాని హోదా దానిదే.

పుత్రజయ లేచిన నేల పేరు ప్రాంగ్ బెసార్. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన బ్రిటిష్ సైనికాధికారులు 1921లో అక్కడ రబ్బరు తోట వేశారు. 1996లో అప్పటి ప్రధాని మహతీర్ మహమ్మద్ జంట టవర్ల నుంచి కొత్త విమానాశ్రయం దాకా 50 కిలోమీటర్ల పొడవు, 15 కిలోమీటర్ల వెడల్పున ఐటీ కారిడార్ ప్రకటించారు. దాని నడుమ సైబర్‌జయ. ఇక్కడ సైబరాబాద్. పెట్రోనాస్ టవర్లు పూర్తయిన 1998లోనే మాదాపూర్ రాళ్ల మధ్య సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించారు. మహతీర్ 1991లో ‘వవాసన్ 2020’ అంటే, ఆంధ్రప్రదేశ్ 1999లో ‘విజన్ 2020’ అంది. ఆ నగరం ఇక్కడికి ఇటుకల రూపంలోనూ వచ్చింది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ పక్కన అందరూ మలేషియన్ టౌన్‌షిప్ అనే రెయిన్ ట్రీ పార్కును కట్టింది మలేషియాకు చెందిన ఐజేఎం సంస్థ. హౌసింగ్ బోర్డుతో కలిసి కట్టింది.

ఐటీవాళ్ల కంటే నూరేళ్లకు పైగా ముందే తెలుగువాళ్లు ఆ నేల తొక్కారు. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి, చిత్తూరు ప్రాంతాల నుంచి పొట్ట చేత పట్టుకుని కొబ్బరి, రబ్బరు తోటలకు వెళ్లారు. మొదట ఒప్పంద కూలీలుగా వెళ్లారు. 1910లో ఆ పద్ధతి ఆగిపోయాక కంగాణీల వెంట వెళ్లారు. ఊళ్లకు తిరిగొచ్చి తమవాళ్లను పోగేసి తీసుకెళ్లే మేస్త్రీలే కంగాణీలు. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసలను ఆపింది. తెల్లారకముందే రబ్బరు చెట్టు బెరడు మీద సన్నటి గాటు పెట్టి, కిందికి చిప్ప కట్టి, పాలు కారాక బిందెల్లో మోసుకొచ్చే పని. జపాన్ ఆక్రమణలో వాళ్లలో ఎందరినో సయాం (నేటి థాయిలాండ్) రైలుదారి వేయడానికి తోలుకుపోతే చాలామంది తిరిగి రాలేదు.

అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇప్పటికీ అప్పలసామి, అప్పలనాయుడు లాంటి పేర్లు వినిపిస్తాయి. సింహాచలం అప్పన్న పేరు అది. ఏ జిల్లా నుంచి ఎవరు వెళ్లారో చెప్పడానికి ఓడ రికార్డులు తిరగేయనక్కర్లేదు. 1955లో వాళ్లు మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు, అదే నేటి మలేషియా తెలుగు సంఘం. తోటల్లో రామభజన మందిరాలు కట్టుకున్నారు, ఉగాది, శ్రీరామనవమి వదల్లేదు. తెలుగు బడులు దొరకక ఎందరో పిల్లలు తమిళ బడుల్లో చదివారు. అయినా 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగిన తర్వాత రెండో సభలకు వేదికైంది కౌలాలంపూరే, 1981లో. ఈసారి సెలవులకు టికెట్లు తీసుకునే మణికొండ కుటుంబాలు ఉగాదికో శ్రీరామనవమికో కుదురుతుందేమో చూసుకుంటే మంచిది. టవర్లు ఏ రోజైనా కనిపిస్తాయి, ఆ పండుగ పందిరి మాత్రం ఆ రోజుల్లోనే.